వాయు చర్యల సమతాస్థితిపై పీడన ప్రభావం

మూసిన పాత్రలో వాయువుల మధ్య జరిగే ద్విగత చర్య కొంతసేపటికి ఒక దశకు చేరుతుంది. అప్పటి నుంచి అది ముందుకు ఎంత వేగంగా సాగుతుందో వెనక్కీ అంతే వేగంగా సాగుతుంది. కాబట్టి పాత్రలో ఏ వాయువు మోతాదూ పెరగదు, తగ్గదు. దీన్నే రసాయన సమతాస్థితి అంటారు. ఉష్ణోగ్రతను అలాగే ఉంచి పీడనాన్ని మారిస్తే చాలా చర్యల్లో ఈ పొందిక చెదిరి, కొత్త నిష్పత్తిలో మళ్లీ కుదురుకుంటుంది. పీడనం పెంచితే వాయు అణువుల సంఖ్య తక్కువగా ఉన్న వైపుకు, తగ్గిస్తే ఎక్కువగా ఉన్న వైపుకు చర్య జరుగుతుంది. రెండు వైపులా అణువుల సంఖ్య సమానమైతే కదలిక ఉండదు.

ఇంటర్మీడియట్ విద్యార్థులకు కంఠతా వచ్చే మాటలివి. తప్పేమీ లేదు గానీ, ఇవి ఫలితాన్ని చెబుతాయే తప్ప కారణాన్ని చెప్పవు. సమతాస్థితిని నడిపించేది ఒక్కొక్క వాయువు విడివిడిగా చూపే పాక్షిక పీడనం. పీడనమాపకం మీద కనిపించే మొత్తం పీడనానికి ఆ పాక్షిక పీడనాలను మార్చినంత మేరకే ఇందులో పాత్ర ఉంటుంది. సాధారణ పీడనాల వద్ద సమతాస్థితి స్థిరాంకం పీడనంతో మారదు. ఉష్ణోగ్రత మారితేనే మారుతుంది. పీడనం చేసేదల్లా ఆ స్థిరాంకాన్ని నిలబెట్టడానికి వాయువులు ఏ పాళ్లలో ఉండాలో తిరిగి నిర్ణయించడం. ఈ ఒక్క విషయం పట్టుబడితే జడవాయువు కలిపినప్పుడు ఏమవుతుంది, ఎరువుల కర్మాగారంలో ఒక గదిలో పీడనం ఎందుకు పెంచుతారు, పక్క గదిలో ఎందుకు తగ్గిస్తారు వంటి ప్రశ్నలకు జవాబులు వాటంతట అవే దొరుకుతాయి.

సూత్రం పుట్టుక

పదార్థాల గాఢతకూ చర్యా వేగానికీ ఉన్న సంబంధాన్ని 1864లో నార్వే శాస్త్రవేత్తలు కాటో గుల్డ్‌బర్గ్, పీటర్ వాగే ద్రవ్యరాశి క్రియా నియమంగా ప్రకటించారు. 1884లో డచ్ రసాయన శాస్త్రవేత్త వాంట్ హాఫ్ ఉష్ణోగ్రతతో సమతాస్థితి ఎటు కదులుతుందో చెప్పాడు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో హెన్రీ లె షాట్లియర్ ఆ ఆలోచనను పీడనానికీ, ఇతర మార్పులకూ విస్తరించాడు. సమతాస్థితిలో ఉన్న వ్యవస్థపై ఏదైనా మార్పు తెస్తే, ఆ మార్పు ప్రభావాన్ని కొంత తగ్గించే దిశలో వ్యవస్థ కదులుతుందన్నది ఆయన సూత్రం సారం. 1888లో దాన్ని మరింత సరళంగా తిరగరాశాడు. జర్మనీలో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ కూడా 1887లో విడిగా ఇదే నిర్ణయానికి వచ్చాడు. అందుకే కొన్ని పుస్తకాల్లో ఇది లె షాట్లియర్–బ్రౌన్ సూత్రంగా కనిపిస్తుంది. 1909లో మార్కోనీతో కలిసి భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న బ్రౌన్ ఈయనే.

లె షాట్లియర్ వృత్తిరీత్యా గనుల ఇంజినీరు. సిమెంటు, జిప్సం, కొలిమి వాయువులు ఆయనకు రోజువారీ విషయాలు. ఇనుము తీసే బ్లాస్ట్ కొలిమి గురించి ఆయన చెప్పిన ఉదంతం ఒకటి ఉంది. కొలిమి పైనుంచి బయటికొచ్చే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ చాలా మిగిలిపోయేది. అది ఖనిజంతో పూర్తిగా కలవడానికి సమయం చాలడం లేదనుకుని ఇంగ్లండ్‌లో ఎంతో ఖర్చు పెట్టి కొలుములను ఇంకా ఎత్తుగా కట్టారు. అయినా మోనాక్సైడ్ పాలు తగ్గలేదు. అది సమయం చాలక మిగిలింది కాదు, సమతాస్థితి నిర్దేశించిన మిగులు. ముందే లెక్క వేసి ఉంటే ఆ కట్టడం అవసరమే పడేది కాదు. సమతాస్థితి నియమాలు కర్మాగారానికి డబ్బు మిగులుస్తాయని ఆయన పట్టుబట్టి చెప్పడానికి ఇలాంటి అనుభవాలే ఆధారం.

గోధుమ రంగు వాయువుతో ప్రయోగం

పీడన ప్రభావాన్ని కంటితో చూడటానికి నైట్రోజన్ డయాక్సైడ్‌ను మించిన వాయువు లేదు. రాగి ముక్కపై గాఢ నత్రికామ్లం పోస్తే వెలువడే ఎర్రటి గోధుమ రంగు పొగ ఇదే. ఇది విషవాయువు కాబట్టి పొగను బయటికి లాగే గదిలోనే ప్రయోగం చేయాలి. దీని అణువులు రెండేసి జతకట్టి రంగులేని డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ అవుతాయి. ఆ జతలు విడిపోతే మళ్లీ రంగు వస్తుంది. ఒక అణువు రెండుగా, రెండు ఒకటిగా మారే చర్య కనుక పీడనం దీనిపై బలంగా పనిచేస్తుంది.

గాజు సిరంజిలో ఈ మిశ్రమాన్ని నింపి మూతి బిగించి, పిస్టన్‌ను ఒక్కసారిగా లోపలికి నెడితే మొదట రంగు చిక్కబడుతుంది. ఆ తర్వాత కొద్దిగా పలచబడుతుంది. ఇందులో ఏం జరిగిందో అంకెల్లో చూద్దాం. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, 1 అట్మాస్ఫియర్ మొత్తం పీడనంలో డయాక్సైడ్ పాక్షిక పీడనం సుమారు 0.31, టెట్రాక్సైడ్‌ది 0.69 అట్మాస్ఫియర్లు. డయాక్సైడ్ పీడనం వర్గాన్ని టెట్రాక్సైడ్ పీడనంతో భాగిస్తే దాదాపు 0.14 వస్తుంది. ఆ ఉష్ణోగ్రత వద్ద ఈ చర్య స్థిరాంకం అదే.

ఇప్పుడు ఘనపరిమాణాన్ని సగం చేస్తే ఆ క్షణంలో రెండు పీడనాలూ రెట్టింపై 0.62, 1.38 అవుతాయి. పైన వర్గం ఉంది కాబట్టి అది నాలుగింతలవుతుంది, కింద ఉన్నది రెండింతలే అవుతుంది. భాగఫలం 0.28కి చేరుతుంది, అంటే ఉండాల్సిన దానికి రెట్టింపు. అది మళ్లీ 0.14కు దిగేదాకా డయాక్సైడ్ అణువులు జతకడుతూనే ఉంటాయి. చివరికి డయాక్సైడ్ 0.45, టెట్రాక్సైడ్ 1.46 వద్ద నిలుస్తాయి. మొత్తం పీడనం 1.91 అట్మాస్ఫియర్లు. చర్యే లేని వాయువైతే బాయిల్ నియమం ప్రకారం సరిగ్గా 2 ఉండేది.

ఈ అంకెల్లో సూత్రం మొత్తం కనిపిస్తుంది. వ్యవస్థ పీడనం పెరుగుదలను 2 నుంచి 1.91కి తగ్గించింది. తిరిగి 1కి తీసుకెళ్లలేదు. డయాక్సైడ్ కూడా 0.62 నుంచి 0.45కి తగ్గింది గానీ, మొదట ఉన్న 0.31 కంటే ఎక్కువగానే ఉంది. కాబట్టి పక్క నుంచి చూస్తే నొక్కిన సిరంజిలోని వాయువు చివరికి కూడా మొదటికంటే చిక్కగానే కనిపిస్తుంది. అదే సిరంజిని మూతి వైపు నుంచి నిలువునా చూస్తే కంటికి అడ్డుపడే డయాక్సైడ్ అణువుల మొత్తం సంఖ్య తగ్గింది కాబట్టి రంగు మొదటికంటే పలచగా ఉంటుంది. చాలా పాఠాల్లో పలచబడుతుందని మాత్రమే రాసి ఊరుకుంటారు. ప్రయోగం చేసిన విద్యార్థి పక్కనుంచి చూసి, పుస్తకం తప్పో తన కన్ను తప్పో తేల్చుకోలేకపోతాడు. ఎటు నుంచి చూడాలో కూడా చెప్పడం ఉపాధ్యాయుడి బాధ్యత.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ అణువులు జతకట్టడానికి పట్టే కాలం సెకనులో లక్షల వంతుల్లో ఉంటుంది. చేతితో పిస్టన్‌ను ఎంత వేగంగా నెట్టినా చర్య దాని వెంటే ఉంటుంది. మరి కంటికి కనిపించేంత నెమ్మదిగా రంగు ఎందుకు పలచబడుతుంది? నొక్కినప్పుడు వాయువు వేడెక్కుతుంది. అణువులు జతకట్టినప్పుడు విడుదలయ్యే ఉష్ణం దానికి తోడవుతుంది. వేడి జతలను విడదీస్తుంది. గాజు గోడల గుండా ఆ వేడి బయటికి పోతున్నకొద్దీ మిగిలిన అణువులు జతకడతాయి. ఆ నెమ్మది మార్పులో ఎక్కువ భాగం చల్లబడటం వల్లే. పీడన ప్రభావాన్ని ఉష్ణోగ్రత ప్రభావం నుంచి విడదీసి చూడటం ఎంత కష్టమో ఈ చిన్న సిరంజే చెబుతుంది.

విశాలమైన పీడన పరిధిలో చూస్తే తేడా బాగా తెలుస్తుంది. అదే 25 డిగ్రీల వద్ద టెట్రాక్సైడ్ అణువుల్లో విడిపోయి ఉండేవి 0.1 అట్మాస్ఫియర్ వద్ద సుమారు 51 శాతం, 1 అట్మాస్ఫియర్ వద్ద 18 శాతం, 10 అట్మాస్ఫియర్ల వద్ద 6 శాతం. స్థిరాంకం మాత్రం మూడు చోట్లా అదే 0.14.

అణువుల లెక్క

పై ఉదాహరణకు కారణాన్ని వేగాల భాషలోనూ చెప్పవచ్చు. జతకట్టాలంటే రెండు అణువులు ఢీకొనాలి. వాయువును సగం చోటులోకి నెడితే ఢీకొనే అవకాశం నాలుగు రెట్లవుతుంది. విడిపోవడానికి ఒక్క అణువు చాలు, దాని వేగం రెండు రెట్లే పెరుగుతుంది. ముందు చర్య, వెనుక చర్య రెండూ పుంజుకుంటాయి గానీ ఎక్కువ అణువులు కావాల్సిన చర్య ఎక్కువగా పుంజుకుంటుంది. సమతాస్థితి కదలడానికి కారణం ఈ అసమానతే. వ్యవస్థకు మార్పును ఎదిరించాలనే కోరిక ఏదో ఉన్నట్లు చెప్పడం వినడానికి బాగున్నా, లెక్కకు ఉపయోగపడేది భాగఫలాన్ని స్థిరాంకంతో పోల్చే పద్ధతే.

హైడ్రోజన్, అయోడిన్ ఆవిరి కలిసి హైడ్రోజన్ అయొడైడ్ ఏర్పడే చర్యలో రెండు వైపులా రెండేసి అణువులే ఉంటాయి. నొక్కితే ముందు, వెనుక చర్యలు సమానంగా వేగం పుంజుకుంటాయి. సమతాస్థితి త్వరగా వస్తుంది, నిష్పత్తి మాత్రం మారదు. మాక్స్ బోడెన్‌స్టైన్ 1890లలో ఈ చర్యను ఎంతో ఓపికగా కొలిచి చూపాడు. గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రిక్ ఆక్సైడ్ ఇచ్చే చర్య కూడా ఇంతే. నార్వేలో బిర్కెలాండ్, ఐడె విద్యుత్ చాపంతో గాలిని మండించి ఎరువులు తయారు చేసిన రోజుల్లో పీడనం పెంచి దిగుబడి పెంచుకునే దారి వారికి లేదు. ఉష్ణోగ్రత ఒక్కటే చేతిలో ఉండేది, దానికి విద్యుత్తు విపరీతంగా ఖర్చయ్యేది.

జడవాయువు కలిపితే

పాత్రలో పీడనం పెరగడానికి దారులు ఒకటికంటే ఎక్కువ. చోటు తగ్గించవచ్చు, చర్యలో ఉన్న వాయువునే ఇంకొంచెం పంపవచ్చు, చర్యతో సంబంధం లేని ఆర్గాన్ వంటి వాయువును నింపవచ్చు. మాపకం ముల్లు మూడు సందర్భాల్లోనూ పైకే లేస్తుంది. ఫలితం మాత్రం ఒకటి కాదు.

గట్టి గోడల పాత్రలోకి ఆర్గాన్ పంపితే మొత్తం పీడనం పెరుగుతుంది. చర్యలో ఉన్న వాయువుల పాక్షిక పీడనాలు ఉన్నచోటే ఉంటాయి. కాబట్టి సమతాస్థితి కదలదు. అదే ఆర్గాన్‌ను పిస్టన్ ఉన్న పాత్రలోకి, మొత్తం పీడనం మారకుండా పంపితే చోటు పెరిగి మిగతా వాయువులు పలచబడతాయి. పీడనం తగ్గించినట్లే అణువులు ఎక్కువగా ఉన్న వైపుకు చర్య జరుగుతుంది. పీడనం పెరిగితే తక్కువ అణువుల వైపు అని గుడ్డిగా వల్లించినవారు పరీక్షలో తప్పేది ఇక్కడే.

ఈ రెండో సందర్భాన్ని పరిశ్రమ బాగా వాడుకుంటుంది. ప్లాస్టిక్‌కు ముడిసరుకైన స్టైరీన్‌ను ఇథైల్ బెంజీన్ నుంచి హైడ్రోజన్‌ను తొలగించి తయారు చేస్తారు. ఒక అణువు రెండవుతుంది కాబట్టి తక్కువ పీడనం మేలు. అయితే 600 డిగ్రీల దగ్గర మండే స్వభావమున్న ఆవిర్లను శూన్యానికి దగ్గరగా నడపడం ప్రమాదం, ఎక్కడైనా సందు ఉంటే బయటి గాలి లోపలికి వస్తుంది. అందుకే నీటి ఆవిరిని పుష్కలంగా కలుపుతారు. ఆవిరి మిగతా వాయువుల పాక్షిక పీడనాలను తగ్గిస్తుంది. పైగా చర్యకు కావాల్సిన వేడిని మోసుకొస్తుంది, ఉత్ప్రేరకంపై మసి పేరుకోకుండా చూస్తుంది. చివర్లో చల్లబరిస్తే నీరుగా విడిపోతుంది. ఒక్క పదార్థంతో ఇన్ని పనులు చేయించుకునే ఈ ఏర్పాటు రసాయన ఇంజినీరింగ్‌లో నాకు ఎప్పుడూ ముచ్చట గొలిపే విషయం.

మరో విచిత్రం కూడా ఉంది. అమ్మోనియా సమతాస్థితి మిశ్రమంలో మొత్తం అణువుల్లో సగానికి మించి నైట్రోజనే ఉందనుకుందాం. ఉష్ణోగ్రత, మొత్తం పీడనం మారకుండా ఇంకా నైట్రోజన్ కలిపితే అమ్మోనియా పెరగదు, విడిపోతుంది. క్రియాజనకాన్ని కలిపితే క్రియాజన్యం పెరగాలన్న మామూలు అంచనా ఇక్కడ తలకిందులవుతుంది. అదనపు నైట్రోజన్ చేసిన మేలు కంటే, చోటు పెరిగి హైడ్రోజన్ పలచబడటం వల్ల జరిగిన నష్టమే ఎక్కువ. చర్యకు మూడు హైడ్రోజన్ అణువులు కావాలి కదా. భాగఫలం లెక్క వేస్తే ఇది రెండు పంక్తుల్లో తేలుతుంది. సూత్రాన్ని మాటల్లోనే నమ్ముకుంటే దారి తప్పిస్తుంది.

అమ్మోనియా: పీడనం గెలిచిన చోటు

ఒక నైట్రోజన్ అణువు, మూడు హైడ్రోజన్ అణువులు కలిసి రెండు అమ్మోనియా అణువులు ఏర్పడతాయి. నాలుగు రెండవుతాయి, ఉష్ణం వెలువడుతుంది. సూత్రం ప్రకారం పీడనం ఎక్కువగా, ఉష్ణోగ్రత తక్కువగా ఉండాలి. ఉష్ణోగ్రత తగ్గిస్తే చర్య కదలదు, ఎందుకంటే నైట్రోజన్ అణువులోని మూడు బంధాలు తేలిగ్గా తెగవు. ఈ చిక్కుముడిని విప్పడానికి ఉత్ప్రేరకం, పీడనం రెండూ కావాల్సి వచ్చాయి.

మొదట ప్రయత్నించినవారిలో లె షాట్లియర్ కూడా ఉన్నాడు. 1901 ప్రాంతంలో అధిక పీడనంలో ఈ వాయువులను కలపబోగా, మిశ్రమంలో గాలి చేరి పరికరం పేలిపోయింది. ఆయన ఆ పని వదిలేశాడు. సూత్రాన్ని చెప్పినవాడి చేతుల్లోంచే దాని అతిపెద్ద ఫలం జారిపోయిందని తర్వాతి కాలంలో ఆయనే బాధపడ్డాడు.

జర్మనీలోని కార్ల్స్‌రూలో ఫ్రిట్జ్ హేబర్ 1904–05లో వాతావరణ పీడనం వద్ద, 1000 డిగ్రీల పైన కొలిచినప్పుడు దొరికిన అమ్మోనియా ఒక శాతంలో నూరో వంతు దరిదాపుల్లో ఉంది. వాణిజ్యానికి పనికిరాని అంకె అది. 1907లో మరో జర్మన్ రసాయన శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్ ఆ కొలతలను బహిరంగంగా తప్పుబట్టాడు. తాను ఎక్కువ పీడనంలో కొలిచాననీ, అమ్మోనియా ఇంకా తక్కువ వస్తుందనీ వాదించాడు. ఆ విమర్శ హేబర్‌ను పీడనం వైపు నెట్టింది. బ్రిటిష్ సహచరుడు రాబర్ట్ లె రొసిన్యోల్‌తో కలిసి కొలతలను 30 అట్మాస్ఫియర్ల వద్ద మళ్లీ చేశాడు. ఆ పైన ఇంకా ఎక్కువ పీడనానికి వెళ్లాడు. సన్నని కవాటాలు, బిగువైన అతుకులు రూపొందించింది లె రొసిన్యోల్. ఆ చేతిపని లేకపోతే సూత్రం కాగితం మీదే ఉండిపోయేది. 1909 జులైలో బీఏఎస్‌ఎఫ్ సంస్థ ప్రతినిధుల ముందు ఆస్మియం ఉత్ప్రేరకంతో, 200 అట్మాస్ఫియర్లకు దగ్గరి పీడనంలో ద్రవ అమ్మోనియా చుక్కలుగా రాలింది. అక్కడికి వచ్చిన ఆ సంస్థ ఇంజినీరు కార్ల్ బాష్ పరికరంలో లోపం తలెత్తి ఆలస్యం కావడంతో ముందే వెళ్లిపోయాడు. ఆగి చూసిన అతని సహచరుడు ఆల్విన్ మిట్టాష్ దాన్ని కంపెనీకి నమ్మకంగా చెప్పాడు.

పీడనం ఎంత పని చేస్తుందో 1923–24లో లార్సన్, డాడ్జ్ అమెరికాలో ప్రకటించిన కొలతలు చూపిస్తాయి. నైట్రోజన్ ఒక పాలు, హైడ్రోజన్ మూడు పాళ్లు ఉన్న మిశ్రమంలో 400 డిగ్రీల వద్ద సమతాస్థితిలో అమ్మోనియా 10 అట్మాస్ఫియర్ల దగ్గర 4 శాతం కూడా ఉండదు. 100 దగ్గర సుమారు 25 శాతం, 300 దగ్గర 47 శాతం, 1000 దగ్గర 80 శాతం. ఉష్ణోగ్రత 500 డిగ్రీలకు పెంచితే 100 అట్మాస్ఫియర్ల వద్ద ఆ పాతిక శాతం 10.6కి పడిపోతుంది. 600 డిగ్రీల వద్ద 4.5 మాత్రమే. వేడి వల్ల పోయేదాన్ని పీడనంతో రాబట్టుకోవాలి, పీడనానికి ఉక్కు, కరెంటు ఖర్చు పెట్టాలి. ఒక శతాబ్దపు అమ్మోనియా పరిశ్రమ చరిత్ర ఈ బేరం చుట్టూనే తిరిగింది.

ఆ పీడనాన్ని తట్టుకునే పాత్ర తయారు చేయడం బాష్ పని. మొదటి ఉక్కు గొట్టాలు 80 గంటలు నడిచి పగిలిపోయాయి. కోసి చూస్తే వేడి హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి దానికి బలాన్నిచ్చే కార్బన్‌ను లాగేసిందని తేలింది. బాష్ లోపలి వైపు కార్బన్ దాదాపు లేని మెత్తని ఇనుప గొట్టాన్ని అమర్చాడు. పీడనాన్ని మోయడానికి బయట ఉక్కు కవచం పెట్టాడు. లోపలి గొట్టం గుండా ఊరిన హైడ్రోజన్ బయటికి పోవడానికి ఆ కవచానికి సన్నని రంధ్రాలు వేశాడు. పీడన పాత్రకు కావాలని రంధ్రాలు వేయడం ఆ రోజుల్లో వింతగా తోచి ఉండాలి, కానీ పని చేసింది. మిట్టాష్ బృందం వేల పరీక్షలు చేసి, అరుదైన ఆస్మియంకు బదులు చవకైన ఇనుప ఉత్ప్రేరకాన్ని కనిపెట్టింది. 1913 సెప్టెంబరులో రైన్ నది ఒడ్డున ఒప్పావులో మొదటి కర్మాగారం మొదలైంది. హేబర్‌కు 1918 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. అధిక పీడన పద్ధతులకే 1931 నోబెల్‌ను బాష్, ఫ్రెడరిక్ బెర్గియస్ పంచుకున్నారు. ఆ ఎరువు కోట్ల మందికి తిండి పెట్టింది. అదే అమ్మోనియా మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి పేలుడు పదార్థాలనూ అందించింది.

ఫ్రాన్స్‌లో జార్జ్ క్లోడ్ 1000 అట్మాస్ఫియర్లకు దగ్గరగా వెళ్లి, ఎక్కువ భాగాన్ని ఒకే విడతలో మార్చాలని చూశాడు. పరిశ్రమ ఆ దారిన పోలేదు. ఇప్పటి కర్మాగారాలు ఎక్కువగా 150 నుంచి 250 అట్మాస్ఫియర్ల మధ్య నడుస్తాయి. ఒక విడతలో ఐదో వంతు మారినా చాలు, అమ్మోనియాను చల్లబరిచి ద్రవంగా తీసేసి మిగతా వాయువును మళ్లీ లోపలికి పంపుతారు. తిరిగి తిరిగి వచ్చే వాయువులో ఆర్గాన్, మీథేన్ పోగుపడి పాక్షిక పీడనాలను తినేస్తాయి. అందుకే కొంత వాయువును ఎప్పటికప్పుడు బయటికి వదలాలి.

సూత్రానికి ఎదురు నడిచే చోటు

అమ్మోనియాకు కావాల్సిన హైడ్రోజన్ ఎక్కువగా సహజ వాయువు నుంచి వస్తుంది. మీథేన్, నీటి ఆవిరి కలిసి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ అవుతాయి. ఇక్కడ రెండు అణువులు నాలుగవుతాయి కాబట్టి సమతాస్థితికి తక్కువ పీడనమే మంచిది. అయినా ఈ చర్యను 30 అట్మాస్ఫియర్ల దరిదాపుల్లో నడుపుతారు. సహజ వాయువు పైపులైనులో ఎలాగూ ఒత్తిడితోనే వస్తుంది. తర్వాతి అంచెలో అమ్మోనియా కోసం వాయువును ఎలాగూ నొక్కాలి. రెండు అణువులను నొక్కడం కంటే అవి నాలుగయ్యాక నొక్కడం ఎక్కువ ఖర్చు. పీడనంలో నడిపితే పరికరాలు కూడా చిన్నవవుతాయి. దానికి ప్రతిగా కొంత మీథేన్ మారకుండా మిగిలిపోతుంది. దాన్ని అదుపు చేయడానికి గొట్టాలను 800 డిగ్రీల పైకి వేడి చేస్తారు, ఆవిరి ఎక్కువగా ఇస్తారు. రెండో అంచెలో గాలి పంపి కొంత వాయువును మండిస్తారు. ఆ గాలే అమ్మోనియాకు కావాల్సిన నైట్రోజన్‌ను కూడా తెస్తుంది. సమతాస్థితి ఏది మేలో చెబుతుంది, ఏది చవకో చెప్పదు.

తెలుగు నేలపై కాకినాడలోని ఎరువుల కర్మాగారం సహజ వాయువుతో ఈ దారినే నడిచింది. రామగుండంలో 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన పాత కర్మాగారానిది మరో కథ. అక్కడ బొగ్గును దాదాపు వాతావరణ పీడనం వద్దే వాయువుగా మార్చి, తర్వాత అమ్మోనియా కోసం మొత్తం నొక్కాల్సి వచ్చేది. అది 1999లో మూతపడింది. అదే ఊళ్లో సహజ వాయువుతో కట్టిన కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా దాని సామర్థ్యం.

పీడనం అవసరం లేనివి, తగ్గినవి

సల్ఫర్ డయాక్సైడ్ ఆక్సిజన్‌తో కలిసి ట్రయాక్సైడ్ అయ్యే చర్యలో మూడు అణువులు రెండవుతాయి. పీడనం మేలే. అయితే వెనేడియం ఉత్ప్రేరకంతో 400–450 డిగ్రీల వద్ద మామూలు పీడనంలోనే నూటికి 95 పైన మారిపోతుంది. మిగిలిన కొద్దిపాటి కోసం ఆమ్ల వాయువులను నొక్కే యంత్రాలు కొనడం దండగ. మిథనాల్‌ది ఇంకో తీరు. 1923లో జర్మనీలో జింక్–క్రోమియం ఉత్ప్రేరకంతో మొదలైనప్పుడు ఎక్కువ వేడి కావాల్సి వచ్చింది కాబట్టి 300 అట్మాస్ఫియర్ల దాకా పీడనం తప్పలేదు. 1966లో బ్రిటన్‌లో ఐసీఐ సంస్థ రాగి ఉత్ప్రేరకంతో 250 డిగ్రీల దగ్గరే చర్యను నడిపింది. దాంతో 50–100 అట్మాస్ఫియర్లు సరిపోయాయి. ఉత్ప్రేరకం సమతాస్థితిని కదపదు, నిజమే. కానీ తక్కువ ఉష్ణోగ్రతలో పని చేయించి, పీడనం భారాన్ని ఆ విధంగా దించగలదు.

ఘనపదార్థం ఉన్నప్పుడు

సున్నపురాయిని కాల్చితే సున్నం మిగిలి కార్బన్ డయాక్సైడ్ పోతుంది. రాయి, సున్నం రెండూ ఘనపదార్థాలు కాబట్టి లెక్కలోకి వచ్చేది డయాక్సైడ్ పీడనం ఒక్కటే. 800 డిగ్రీల వద్ద సమతాస్థితి పీడనం ఒక అట్మాస్ఫియర్‌లో ఐదో వంతు దగ్గర ఉంటుంది. 900 డిగ్రీల ప్రాంతంలో ఒక అట్మాస్ఫియర్‌కు చేరుతుంది. చుట్టూ ఉన్న డయాక్సైడ్ పీడనం అంతకంటే తక్కువ ఉన్నంతసేపూ రాయి విడిపోతూనే ఉంటుంది. పల్నాడులోని పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లోనైనా మరెక్కడైనా కింది నుంచి పైకి గాలి ఆడటం మంటకు ఎంత అవసరమో, పుట్టిన వాయువును ఊడ్చుకుపోవడానికీ అంతే అవసరం. గాలి ఆడని బట్టీలో రాయి నడుమ కాలక మిగిలిపోతుంది.

ఇదే విషయాన్ని తిరగేసి చూసినవాడు స్కాట్లండ్‌కు చెందిన సర్ జేమ్స్ హాల్. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో సుద్దపొడిని తుపాకీ గొట్టాల్లో గట్టిగా మూసి, వాయువు తప్పించుకోకుండా విపరీతంగా వేడి చేశాడు. సుద్ద సున్నం కాలేదు. కరిగి గట్టిపడ్డ పాలరాయిలాంటి ముద్ద దొరికింది. భూమి లోతుల్లో అంత వేడిలోనూ సున్నపురాయి విడిపోకుండా పాలరాయి ఎలా కాగలదన్న ప్రశ్నకు ఆయన మిత్రుడు జేమ్స్ హటన్ పీడనమే కారణమని ఊహించాడు. ఆ ఊహకు ప్రయోగశాలలో ఆధారం దొరికింది. లె షాట్లియర్ సూత్రం రావడానికి ఎనభై ఏళ్ల ముందు సంగతి ఇది.

అధిక పీడనంలో నిజ వాయువులు

స్థిరాంకం పీడనంతో మారదన్న మాట ఆదర్శ వాయువులకు చెల్లుతుంది. వందల అట్మాస్ఫియర్ల వద్ద అణువులు ఒకదాన్నొకటి ఆకర్షించడం, వికర్షించడం, చోటు ఆక్రమించడం మొదలవుతాయి. పాక్షిక పీడనాలతో వేసిన అమ్మోనియా స్థిరాంకం 450 డిగ్రీల వద్ద 10 అట్మాస్ఫియర్ల దగ్గర 0.0066 ఉంటే, 1000 దగ్గర 0.023 దాటుతుంది. మూడున్నర రెట్లు. అందుకే ఇంజినీర్లు పాక్షిక పీడనానికి బదులు ఫ్యుగాసిటీ అనే సవరించిన పీడనాన్ని వాడతారు. దాంతో లెక్క వేస్తే స్థిరాంకం మళ్లీ ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది. అమ్మోనియా విషయంలో ఈ తేడా మనకు కలిసొచ్చేదే: అధిక పీడనంలో ఆదర్శ వాయువు లెక్క చెప్పినదానికంటే ఎక్కువ అమ్మోనియా దొరుకుతుంది.

ఒకే కర్మాగారంలో రెండు దిశలు

యూరియా తయారీలో అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ కలిసి ముందు అమ్మోనియం కార్బమేట్ అవుతాయి. తర్వాత అది నీటిని కోల్పోయి యూరియా అవుతుంది. మూడు వాయు అణువులు కలిసి ద్రవంలోకి చేరతాయి కాబట్టి మొదటి అంచె పీడనానికి గట్టిగా లోబడుతుంది. సుమారు 150 అట్మాస్ఫియర్లు, 180–190 డిగ్రీల వద్ద నడుపుతారు. అక్కడా కార్బమేట్ అంతా యూరియా కాదు, గణనీయంగా మిగిలిపోతుంది. దాన్ని వేరు చేయాలంటే మళ్లీ వాయువులుగా విడగొట్టాలి. పాత పద్ధతిలో ద్రావణాన్ని అంచెలంచెలుగా తక్కువ పీడనంలోకి వదిలేవారు. ప్రతి అంచెలో కొంత కార్బమేట్ అమ్మోనియా, డయాక్సైడ్‌గా పైకి లేచేది. ఆ వాయువులను తిరిగి 150 అట్మాస్ఫియర్లకు చేర్చడానికి మళ్లీ పంపులు, మళ్లీ కరెంటు.

1960లలో నెదర్లాండ్స్‌లోని స్టామికార్బన్ సంస్థ దీనికి వేరే దారి కనిపెట్టింది. మొత్తం పీడనాన్ని తగ్గించకుండానే, వేడి ద్రావణం గుండా తాజా కార్బన్ డయాక్సైడ్‌ను పంపింది. పైనున్న వాయువులో డయాక్సైడ్ నిండిపోవడంతో అమ్మోనియా పాక్షిక పీడనం పడిపోయి, ద్రావణంలోని అమ్మోనియా పైకి లేచి, కార్బమేట్ విడిపోయింది. మాపకం ముల్లు కదలలేదు. విడిపోయిన వాయువులు అధిక పీడనంలోనే ఉన్నాయి కాబట్టి వాటిని మళ్లీ నొక్కే పని లేకుండా నేరుగా చర్యాపాత్రకు తిప్పి పంపగలిగారు. చర్యలో పాల్గొనే వాయువుతోనే చర్యను వెనక్కి నడిపించిన ఈ పద్ధతి ప్రపంచమంతటా యూరియా కర్మాగారాల్లోకి వ్యాపించింది.